తాతగారి గుంజీళ్ళు

మీ ఇంట్లో తాతయ్య ఉంటే, ఇవాళ సాయంత్రం ఆయన కుర్చీలోంచి లేచేటప్పుడు కాస్త గమనించండి. గమనిస్తున్నట్టు ఆయనకు తెలియకూడదు సుమా! తెలిస్తే పంతం కొద్దీ చటుక్కున లేచి నిలబడతారు. మామూలుగా అయితే ముందు రెండు చేతులూ కుర్చీ చేతుల మీద ఆనిస్తారు. నడుం ముందుకు వంచుతారు. ఒక్క క్షణం ఆగుతారు. తరువాత "అమ్మయ్య" అనో, తమ దేవుడి పేరు తలుచుకునో లేస్తారు.

ఆ ఒక్క క్షణం ఎందుకు ఆగుతారు? దాని సంగతే ఇప్పుడు చూద్దాం.

ముందు మీరే ఒక చిన్న ప్రయోగం చేయండి. చేతుల్లేని కుర్చీలో వీపు నిటారుగా పెట్టి కూర్చోండి. చేతులు కట్టుకోండి. మీ స్నేహితుణ్ణి ఒక వేలు మీ నుదుటి మీద ఆనించి ఉంచమనండి. ఇప్పుడు లేవండి చూద్దాం! ఎంత గింజుకున్నా లేవలేరు. మీ స్నేహితుడి వేలికి అంత బలం ఉందా? లేదు. కూర్చున్నప్పుడు మీ శరీరపు గరిమనాభి కుర్చీ మీద ఉంటుంది. అది పాదాల మీదికి వస్తేనే మీరు లేవగలరు. దానికి తల ముందుకు వంగాలి. వేలు ఆ వంగడాన్ని ఆపుతుంది, అంతే. తాతయ్య నడుం వంచేది అందుకే. మనమూ రోజూ వంచుతూనే ఉంటాం కాని, గమనించుకోం.

గరిమనాభి పాదాల మీదికి వచ్చాక అసలు పని మొదలవుతుంది. శరీరాన్ని పైకి ఎత్తాలి. ఆ పని ముఖ్యంగా తొడ ముందు భాగంలో ఉన్న పెద్ద కండరానిది, దానికి తోడు పిరుదుల కండరాలది. భౌతికశాస్త్రం పాఠం గుర్తుందా? 60 కిలోల మనిషి లేచినప్పుడు అతని గరిమనాభి సుమారు 30 సెంటీమీటర్లు పైకి వెళుతుందనుకుందాం. చేసిన పని 60 × 9.8 × 0.3, అంటే దాదాపు 176 జౌళ్ళు. కుర్రాడు ఒక సెకనులో లేస్తే అతని సామర్థ్యం 176 వాట్లు. మూడు పాత 60 వాట్ల బల్బులు వెలిగించేంత! అదే పనిని తాతయ్య రెండు సెకన్లలో చేస్తే 88 వాట్లు చాలు. పని తగ్గలేదు, దాన్ని చేసే వేగం తగ్గింది. ఈ వేగం సంగతి ముందు ముందు మనకు అవసరం. మరిచిపోకండి.

"వయసు మీద పడింది, అంతేగా మాస్టారూ! ఇందులో తెలుసుకోవడానికేముంది?" అని మీలో ఎవరో అనే ఉంటారు. సగం నిజమే. ముందు ఆ సగం చూద్దాం.

స్వీడన్‌లో లెక్సెల్ అనే శాస్త్రజ్ఞుడూ ఆయన తోటివాళ్ళూ ఓపికతో కూడిన పని ఒకటి చేశారు. ఆరోగ్యంగా ఉంటూ హఠాత్తుగా చనిపోయిన 43 మంది మగవాళ్ళ తొడ కండరాలను పూర్తిగా అడ్డంగా కోసి, అందులో ఉన్న తంతువులను లెక్కబెట్టారు. వాళ్ళలో 15 ఏళ్ళ కుర్రవాడి నుంచి 83 ఏళ్ళ ముసలాయన దాకా ఉన్నారు. 1988లో ఫలితాలు ప్రకటించారు. ఇరవయ్యో ఏట ఉన్న కండరం ఎనభయ్యో ఏటికి సుమారు 40 శాతం చిక్కిపోతుంది. తంతువులు సన్నబడడమే కాదు, వాటి సంఖ్య కూడా తగ్గిపోతుంది. ఈ తగ్గుదల ఎప్పుడు మొదలవుతుందో తెలుసా? పాతికేళ్ళకే! అంటే తొమ్మిదో తరగతి చదువుతున్న మీకు ఇంకా పదేళ్ళ పైచిలుకు మాత్రమే గడువుంది. మొదట్లో తరుగు చాలా నెమ్మది, తెలియను కూడా తెలియదు. యాభై దాటాక తెలుస్తుంది. నాకు తెలుస్తోంది.

తంతువులు ఎందుకు పోతాయి? కండరంలో ప్రతి తంతువూ ఒక నాడీకణం ఆజ్ఞకోసం ఎదురుచూస్తుంటుంది. ఆ నాడీకణం వెన్నుపాములో ఉంటుంది. ఒక్కో నాడీకణం కింద, తొడలాంటి పెద్ద కండరంలో, వందలకొద్దీ తంతువులుంటాయి. మీ ఊళ్ళో కరెంటు ట్రాన్స్‌ఫార్మరునూ దాని కింది ఇళ్ళనూ ఊహించుకోండి. వయసు పైబడే కొద్దీ కొన్ని ట్రాన్స్‌ఫార్మర్లు కాలిపోతాయి. పక్క ట్రాన్స్‌ఫార్మరు తనకు చేతనైనన్ని ఇళ్ళకు తీగలు లాగి వెలుగిస్తుంది. మిగిలిన ఇళ్ళు చీకట్లోనే ఉండిపోతాయి. ఆ చీకటి ఇళ్ళే పోయిన తంతువులు.

ఇందులో ఇంకో తిరకాసు ఉంది. కండర తంతువులన్నీ ఒక్కలాంటివి కావు. ఆదివారం ఇంట్లో కోడికూర వండితే చూడండి. ఫారం కోడి రొమ్ము ముక్క తెల్లగా ఉంటుంది, కాలి ముక్క కొంచెం ముదురు రంగులో ఉంటుంది. కోడి పగలంతా నడుస్తుంది. దాని కాళ్ళలో నెమ్మదిగా, అలసిపోకుండా పనిచేసే తంతువులు ఎక్కువ. కుక్క తరిమినప్పుడు ఒక్కసారి టపటపా రెక్కలు కొట్టుకుని గోడ మీదికి ఎగురుతుంది. ఆ పని చేసే రొమ్ములో ఉన్నవి వేగంగా బిగిసి వెంటనే అలసిపోయే తంతువులు. మనిషి కండరంలో ఈ రెండు రకాలూ కలిసిమెలిసి ఉంటాయి. వయసుతో ఎక్కువగా చిక్కిపోయేవి వేగపు తంతువులు. తాతయ్య మైలు దూరం నడిచి కూడా అలసిపోడు. కాని కుర్చీలోంచి లేవడానికి ఒక క్షణం ఆగుతాడు.

కుర్చీలోంచి నెమ్మదిగా లేస్తే వచ్చిన నష్టమేమీ లేదు. కాని గుమ్మం తగిలి తూలినప్పుడో? రెండో కాలు ముందుకు వేసి, ఒంటి బరువునంతా దాని మీద ఆపడానికి అర సెకను కూడా వ్యవధి ఉండదు. అక్కడ కావలసింది ఉత్త బలం కాదు, వేగంతో కూడిన బలం. ఇందాక వాట్లలో లెక్కించింది దాన్నే. అది చాలనప్పుడు మనిషి పడిపోతాడు. పెద్దవాళ్ళు పడితే విరిగేది సాధారణంగా తుంటి, మణికట్టు.

ఇక్కడ నా సొంత విషయం ఒకటి చెప్పాలి. మా నాన్నగారు రైతు. అరవై ఎనిమిదో ఏట కూడా నూతిలోంచి నీళ్ళు తోడి, రెండు చేతులా రెండు బిందెలు మోసుకొచ్చేవారు. ఉద్యోగస్థుడైన కొడుకునని నేను గర్వంగా ఆయన్ను మా ఊళ్ళోకి తెచ్చుకున్నాను. మంచి పడక్కుర్చీ కొన్నాను. కూరగాయల సంచి ఆయన చేతిలో కనిపిస్తే, చూసేవాళ్ళు ఏమనుకుంటారోనని లాక్కునేవాణ్ణి. "మీకెందుకు నాన్నా, కూర్చోండి" అనేవాణ్ణి. నేల మీద పీట వేసుకుని భోంచేసే మనిషికి డైనింగు టేబులు అలవాటు చేశాను. మూడేళ్ళు తిరిగేసరికి బస్సు మెట్టు ఎక్కడానికి ఆయనకు కండక్టరు చేయి కావలసివచ్చింది. ఒక రాత్రి గుమ్మం తట్టుకుని పడ్డారు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషను బాగానే జరిగింది. కాని ఆ తరువాత ఆయన పొలం గట్టు మీద నడిచింది లేదు. వాడని అవయవం క్షీణిస్తుందని ఆ మూడేళ్ళూ తరగతి గదిలో పాఠం చెబుతూనే ఉన్నాను.

వయసు ఒక దొంగ అయితే, విశ్రాంతి రెండో దొంగ. ఈ రెండింటిలో ఎవరు ఎంత దోచుకుంటున్నారో కొలవడం ఎలా? 1966లో అమెరికాలోని డాలస్ నగరంలో ఇరవయ్యేళ్ళ ఐదుగురు కుర్రాళ్ళను మూడు వారాలపాటు మంచం మీదే ఉంచారు. అంతకు ముందూ తరువాతా, కష్టపడి పనిచేసేటప్పుడు శరీరం ఎంత ఆక్సిజన్ వాడుకోగలదో కొలిచారు. అది గుండె, ఊపిరితిత్తులు, కండరాల ఉమ్మడి శక్తికి కొలమానం. మూడు వారాల పడకతో అది బాగా పడిపోయింది. అంతటితో ఆగితే ఇది మామూలు ప్రయోగమే. ముప్పై ఏళ్ళ తరువాత, 1996లో, ఆ ఐదుగురినే మళ్ళీ పిలిచారు. ఇప్పుడు వాళ్ళకు యాభై. ముప్పై ఏళ్ళ వయసు వాళ్ళ శక్తిని ఎంత తగ్గించిందో కొలిచారు. చిత్రం చూడండి! ముప్పై ఏళ్ళ వయసు చేసిన నష్టంకన్నా, ఆనాటి మూడు వారాల పడక చేసిన నష్టమే ఎక్కువ! ఆ ఐదుగురిలో ఏ ఒక్కరికీ ఇది తారుమారు కాలేదు. పైగా ఆరునెలలు క్రమం తప్పకుండా వ్యాయామం చేస్తే, ముప్పై ఏళ్ళలో పోయింది తిరిగి వచ్చింది.

ఐదుగురితో చేసిన ప్రయోగం చిన్నదే, నిజమే. పైగా అది దమ్ముకు సంబంధించింది. మరి బలం మాట? ముసలి కండరం మళ్ళీ పెరుగుతుందా?

చాలాకాలం పెరగదనే అనుకున్నారు. 1980లో మోరిటానీ, డివ్రీస్ అనే ఇద్దరు ఐదుగురు యువకులకూ ఐదుగురు వృద్ధులకూ ఎనిమిది వారాలపాటు మోచేతి కండరాలకు బరువుల సాధన చేయించారు. అందరికీ బలం పెరిగింది. కాని యువకుల్లో కండరం లావైంది, వృద్ధుల్లో కాలేదు. వృద్ధుల్లో పెరిగిన బలమంతా నాడీమండలం చలవ అని తేల్చారు. నాడులు నేర్చుకోవడమంటే ఏమిటంటారా? కొత్తగా సైకిలు నేర్చుకున్నప్పుడు నాలుగు రోజుల్లో మీ కాళ్ళు లావు కాలేదు కదా! అయినా తొక్కడం తేలికైంది. ఉన్న కండరాన్నే ఎక్కువగా, పద్ధతిగా వాడుకోవడం నాడులకు తెలిసిందన్నమాట. బరువులెత్తే మొదటి కొన్ని వారాల్లో ఎవరికైనా జరిగేది ముఖ్యంగా ఇదే.

ఎనిమిదేళ్ళ తరువాత బోస్టన్‌లో ఫ్రాంటెరా, ఇవాన్స్, వాళ్ళ సహచరులు ఇదే ప్రశ్నను మళ్ళీ వేశారు. ఈసారి 60 నుంచి 72 ఏళ్ళ మధ్య వయసున్న పన్నెండుమంది మగవాళ్ళను తీసుకున్నారు. మునుపు ముసలివాళ్ళ చేతికి తేలిక బరువులిచ్చి ఊరుకునేవారు. వీళ్ళు అలా చేయలేదు. ఒక్కొక్కరూ ఒకే ఒక్కసారి ఎత్తగల గరిష్ఠ బరువెంతో కనుక్కున్నారు. అందులో 80 శాతం పెట్టారు. అంటే ఒక్కసారి 20 కిలోలు ఎత్తగలవాడికి 16 కిలోలు. దాన్ని కాళ్ళతో ఎనిమిదిసార్లు ఎత్తాలి. అలా మూడు విడతలు. వారానికి మూడు రోజులు. మొత్తం పన్నెండు వారాలు. బలం పెరిగే కొద్దీ బరువూ పెంచారు. చివర్లో సి.టి. స్కాను తీసి తొడ అడ్డుకోత వైశాల్యం కొలిచారు, సూదితో చిన్న కండర ముక్క తీసి సూక్ష్మదర్శిని కింద చూశారు.

మోకాలు చాపే కండరాల బలం 107 శాతం పెరిగింది. ఇక్కడ చాలామంది పొరబడతారు. 107 శాతం అయిందంటే ఏడు శాతం పెరిగినట్టు. 107 శాతం పెరిగిందంటే రెట్టింపుకు మించినట్టు! మోకాలు మడిచే కండరాల బలం మూడు రెట్లు దాటింది. తొడ కండరాల వైశాల్యం మాత్రం సుమారు 11 శాతం పెరిగింది. పదకొండు శాతం కండతో నూటయేడు శాతం బలం ఎలా వచ్చింది? మిగిలినదంతా నాడులు నేర్చుకున్నది. కాబట్టి 1980 నాటి మాట పూర్తిగా తప్పేమీ కాదు. కాని కండరం పెరగదన్న భాగం తప్పు. వేగపు తంతువులూ నెమ్మది తంతువులూ రెండూ లావెక్కాయి.

ఇక 1990లో అదే బోస్టన్‌లో మరియా ఫియాటరోన్ అనే వైద్యురాలు చేసిన పని చదివితే నాకిప్పటికీ ఆశ్చర్యమే. ఆవిడ వెళ్ళింది వృద్ధాశ్రమానికి. ఎన్నుకున్నది 86 నుంచి 96 ఏళ్ళ మధ్య ఉన్న పదిమందిని. అందరూ బలహీనులే, ఒంట్లో ఏదో ఒక జబ్బున్నవాళ్ళే. ఒకరు ఎనిమిది వారాలు పూర్తి చేయలేకపోయారు, తొమ్మిదిమంది చేశారు. వాళ్ళ కాళ్ళ బలం సగటున 174 శాతం పెరిగింది. తొడ కండరం 9 శాతం పెరిగింది. అంతకు ముందు చేతికర్ర లేకుండా నడవని ఇద్దరు కర్ర పక్కన పెట్టేశారు. సాధన మానేశాక మాత్రం కొద్ది వారాల్లోనే బలం మళ్ళీ తగ్గడం మొదలైంది. తొంభై ఏళ్ళ కండరమైనా, తొమ్మిదేళ్ళ కండరమైనా ఒకటే పట్టుదల: పని ఇస్తే ఉంటాను, లేకపోతే పోతాను!

లావెక్కే పని ఎలా జరుగుతుందన్నది పెద్ద కథ. క్లుప్తంగా చెబుతాను. 1961లో అలెగ్జాండర్ మౌరో అనే ఆయన కప్ప కండరాన్ని ఎలెక్ట్రాన్ సూక్ష్మదర్శినితో చూస్తుండగా, తంతువు అంచున అంటిపెట్టుకుని నిద్రపోతున్నట్టున్న చిన్న కణాలు కనిపించాయి. వాటికి శాటిలైట్ కణాలని పేరు పెట్టాడు. కండరం మీద బరువు పడినప్పుడు అవి మేలుకుని, విభజన చెంది, తంతువులో కలిసిపోయి దానికి కొత్త కేంద్రకాలను అందిస్తాయి. ముసలితనంలో వీటి సంఖ్య తగ్గుతుంది కాని, సున్నా అయిపోదు.

"మా తాతయ్య రోజూ పొద్దున్నే వాకింగుకు వెళతారండీ, అది చాలదా?" ఇది నన్ను చాలామంది అడిగే ప్రశ్న. నడక గుండెకు మంచిది, చక్కెర వ్యాధికి మంచిది, మానవద్దు. కాని బలానికి చాలదు. కారణం ఎల్‌వుడ్ హెన్నెమాన్ 1950లలో కనిపెట్టిన ఒక నియమం. పెళ్ళివారింట్లో వంటపందిరి చూశారుగా! గ్లాసులు అందించడానికీ విస్తళ్ళు వేయడానికీ చిన్నపిల్లలను పిలుస్తారు. కాస్త పెద్ద పనికి కుర్రాళ్ళను పిలుస్తారు. అన్నం గుండిగ పొయ్యి మీదినుంచి దించాల్సి వస్తేనే వస్తాదులాంటివాళ్ళకు కబురు వెళుతుంది. మెదడు కూడా కండరాన్ని అలాగే వాడుకుంటుంది. చిన్న పనికి చిన్న నాడీకణాలు, నెమ్మది తంతువులు. పని బరువెక్కితేనే పెద్ద నాడీకణాలకూ, వాటి కింద ఉన్న వేగపు తంతువులకూ పిలుపు. సమతలం మీద నడకలో గుండిగ దించే పని ఎప్పుడూ రాదు. పిలుపు రాని వస్తాదు పందిట్లో ఓ మూల నిద్రపోతాడు. కొన్నాళ్ళకు ఊరే వదిలిపెట్టి పోతాడు.

అందుకని తాతగార్లను వ్యాయామశాలకు తీసుకెళ్ళి ఇనుప గుండ్లు ఎత్తించాలని కాదు. బరువు తక్కువే అయినా, ఆఖరి రెండు మూడు సార్లు "ఇక కష్టం" అనిపించేదాకా చేస్తే పెద్ద తంతువులకు కబురు వెళుతుందని తరువాతి పరిశోధనల్లో తేలింది. ఇంట్లో అందరికీ అందుబాటులో ఉన్న బరువు ఒకటుంది. అదే ఒంటి బరువు.

గుంజీళ్ళు మీకు తెలియనివి కావు. హోంవర్కు చేయనివాళ్ళ చేత మా మాస్టర్లు తీయించేవారు. వినాయకచవితినాడు దేవుడి ముందు మీరే తీస్తారు. చెవులు పట్టుకోవడం మినహాయిస్తే అది తాలింఖానాల్లో వస్తాదులు తీసే బస్కీలకు చెల్లెలే. మా మాస్టర్లకు తెలియకుండానే మాకు మంచి వ్యాయామం శిక్షగా విధించారు. తాతయ్య విషయంలో పూర్తి గుంజీ అక్కర్లేదు. కుర్చీ చాలు. గోడకు ఆనించిన గట్టి కుర్చీలో కూర్చుని, చేతులు వాడకుండా లేవడం, మళ్ళీ నెమ్మదిగా కూర్చోవడం. ఈ "నెమ్మదిగా కూర్చోవడం" ముఖ్యం. చాలామంది ధబ్బున కూలబడతారు. దిగేటప్పుడు కూడా కండరం పనిచేస్తూనే ఉంటుంది, అదీ సాధనే. ఎనిమిదో పదో సార్లు చేసి, రెండు నిమిషాలు ఆగి, మళ్ళీ చేయాలి. మొదట చేతులు వాడక తప్పకపోతే కుర్చీ మీద రెండు దిళ్ళు వేసి ఎత్తు పెంచండి. తేలికైపోయాక దిళ్ళు తీసేయండి. అదీ తేలికైతే బియ్యం పొట్లమో పుస్తకాల సంచో రొమ్ముకు హత్తుకుని లేవమనండి. గోడకు చేతులానించి తీసే దండాలు భుజాలకు. కిటికీ ఊచ పట్టుకుని మడమలెత్తడం పిక్కలకు. రెండు చేతులా సమానమైన సంచులు పట్టుకుని వసారాలో అటూ ఇటూ నడవడం పట్టుకూ నడుముకూ. వారానికి రెండు మూడు రోజులు, మధ్యలో ఒకరోజు విరామం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సలహా కూడా ఇంచుమించు ఇదే: కండరాలను బలపరిచే పని వారానికి కనీసం రెండు రోజులు, 65 దాటినవాళ్ళయితే నిలకడకూ బలానికీ కలిపి మూడు రోజులైనా.

ఒక హెచ్చరిక. గుండెజబ్బు, అదుపులో లేని రక్తపోటు, వరిబీజం, ఈమధ్యే కంటి ఆపరేషను లాంటివి ఉంటే ముందు డాక్టరును అడగాలి. ఎవరైనా సరే ఊపిరి బిగబట్టి బరువెత్తకూడదు. 1985లో కెనడాలో బలమైన యువకులకు ధమనిలోనే గొట్టం పెట్టి, కాళ్ళతో పెద్ద బరువు తోసేటప్పుడు రక్తపోటు కొలిచారు. సగటున 320కి 250! మామూలుగా 120కి 80 ఉండాల్సింది. ఊపిరి బిగబట్టడం దీనికొక పెద్ద కారణం. లేచేటప్పుడు ఊపిరి వదలాలి. బెస్తవాళ్ళు పడవను ఒడ్డుకు లాగేటప్పుడు "హైలెస్సా" అంటూ కేకవేస్తారు గమనించారా? అది అందరూ ఒకేసారి లాగడానికే అనుకోండి. కాని కేకవేసే మనిషి ఊపిరి బిగబట్టలేడు కదా!

తిండి సంగతి చెప్పకపోతే మీరు ఊరుకోరు, బజార్లో డబ్బాల్లో అమ్మే పొడుల గురించి అడుగుతారు. కండరానికి మాంసకృత్తులు కావాలి. పళ్ళు కదిలిన తాతలు క్రమంగా పప్పూ గుడ్డూ మానేసి మజ్జిగన్నంలోకి దిగుతారు, అది నిజమైన ఇబ్బందే. వంద గ్రాముల కందిపప్పులో 22 గ్రాముల మాంసకృత్తులుంటాయి, ఒక గుడ్డులో ఆరు గ్రాములు. మెత్తగా ఉడికించిన పప్పు, పెరుగు, గుడ్డు, చేప వీలునుబట్టి పెడితే చాలామందికి చాలు. మూత్రపిండాల జబ్బున్నవాళ్ళ లెక్క వేరు, అది డాక్టరు చెప్పాలి. ఫియాటరోన్ బృందమే 1994లో వృద్ధాశ్రమంలోని వందమందితో ఇంకో ప్రయోగం చేసింది. కొందరికి వ్యాయామం, కొందరికి పోషకాహార పానీయం, కొందరికి రెండూ, కొందరికి ఏదీ లేదు. పది వారాల్లో వ్యాయామం చేసినవాళ్ళ బలం రెట్టింపు దాటింది, నడక వేగం పెరిగింది. పానీయం మాత్రమే తాగినవాళ్ళ బలహీనత తగ్గలేదు. ఇటుకలు తెచ్చి పోసినంత మాత్రాన గోడ లేవదు, తాపీమేస్త్రీకి పని చెప్పాలి.

ఇక మీ వంతు. ఈ పరీక్షను 1999లో ఇద్దరు అమెరికన్ శాస్త్రజ్ఞులు పెద్దవాళ్ళకోసం తయారుచేశారు. సుమారు 43 సెంటీమీటర్ల ఎత్తున్న, చేతుల్లేని కుర్చీని గోడకు ఆనించండి. తాతయ్యను మధ్యలో కూర్చోబెట్టి, చేతులు రొమ్ము మీద కట్టుకోమనండి. మీరు పక్కనే నిలబడాలి, తూలితే పట్టుకోవడానికి. గడియారం చూస్తూ 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చున్నారో లెక్కబెట్టండి. చేతులు వాడితే లెక్క సున్నా. మగవాళ్ళకు 60–64 ఏళ్ళ మధ్య 14, 65–74 మధ్య 12, 75–79 మధ్య 11, 80–84 మధ్య 10, 85–89 మధ్య 8 రావాలి. అంతకన్నా తక్కువైతే కాళ్ళ బలం వయసుకు తగినంత లేదనీ, పడిపోయే ప్రమాదం ఉందనీ అర్థం. ఇవి అమెరికావాళ్ళ అంకెలు. మన తాతలకు అచ్చంగా సరిపోకపోవచ్చు. అయినా ఆయన అంకెను ఆయన అంకెతోనే పోల్చడానికి ఏ దేశమైతేనేం? తేదీ వేసి నోటుబుక్కులో రాయండి. పన్నెండు వారాల తరువాత మళ్ళీ కొలవండి. అమ్మమ్మలకూ నానమ్మలకూ కూడా చేయించండి. వాళ్ళ అంకెలు ఒకటో రెండో తక్కువగా ఉంటాయి, అంతే. ఆడవాళ్ళకు మొదటినుంచీ కండ తక్కువ కనుక వాళ్ళకీ సాధన అవసరం మరీ ఎక్కువ.

పోయిన ఏడాది తొమ్మిదో తరగతి పిల్లలకు ఈ పరీక్ష చూపిస్తూ నేనే కుర్చీలో కూర్చున్నాను. నా వయసు 56. పదమూడు దగ్గర గంట కొట్టినట్టు "టైమైపోయింది సార్!" అని అరిచారు. అరవై ఏళ్ళవాడికి ఉండాల్సిందానికన్నా ఒకటి తక్కువ! పిల్లలు మర్యాదకోసం నవ్వలేదు, వెనక బెంచీవాళ్ళు తప్ప. ఆ రోజునుంచి సోమ, బుధ, శుక్రవారాల్లో పొద్దున్న స్టాఫురూములో ఎవరూ లేనప్పుడు నా కుర్చీ గోడకు చేరుతుంది. సంక్రాంతి సెలవులకు ముందు మళ్ళీ వాళ్ళ ముందే లెక్కబెట్టించుకున్నాను. పద్దెనిమిది. వెనక బెంచీలో ఒకడు, "సార్, ఇంకో విడత" అన్నాడు.